ఎనిమిదో మెట్టు ఎవరిది?

పట్టా ఒకటే. దేశం మారితే దాని లెక్క మారిపోతుంది. పిల్లల్ని పై చదువులకు పంపే ప్రతి ఇల్లూ తెలుసుకోవాల్సిన లెక్క ఇది.

ఐర్లండ్‌లో ఆనర్స్ డిగ్రీ చేసినవాళ్లది ‘లెవెల్ 8’. అదే లెవెల్ 8 ఇంగ్లండ్‌లో పీహెచ్‌డీ. ఐర్లండ్ చదువులన్నిటినీ 10 స్థాయులుగా విడగొట్టింది కాబట్టి అక్కడ పీజీ 9, పీహెచ్‌డీ 10. ఇంగ్లండ్‌లో 8తోనే ఆఖరు; డిగ్రీ 6, పీజీ 7. స్కాట్లండ్ నిచ్చెనకైతే ఏకంగా 12 మెట్లు. అంకె చూసి మురిసిపోయేముందు అది ఏ దేశం నిచ్చెనో చూడాలి.

అర మెట్టు తేడా

మనకూ 2023లో నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ వచ్చింది. అందులో పదో తరగతి 3, ఇంటర్ 4, మూడేళ్ల డిగ్రీ 5.5, నాలుగేళ్ల డిగ్రీ 6, పీహెచ్‌డీ 8. ఏడాది చదువుకు 40 క్రెడిట్లు, అంటే 1,200 గంటలు.

అసలు పేచీ ఆ 5.5 దగ్గరే. అమెరికాలో డిగ్రీ నాలుగేళ్లు. అందుకే అక్కడి చాలా యూనివర్సిటీలు ఎంఎస్‌కు 16 ఏళ్ల చదువు అడుగుతాయి. బీటెక్ వాళ్లకు చింత లేదు. మూడేళ్ల బీకాం, బీఎస్సీ వాళ్లకు లెక్క 15 దగ్గరే ఆగిపోతుంది. కొన్ని యూనివర్సిటీలు సరేనంటాయి, కొన్ని ఇంకో ఏడాది చదివి రమ్మంటాయి. ఇంగ్లండ్‌లో డిగ్రీయే మూడేళ్లు కాబట్టి అదే మార్కుల మెమోకు అక్కడ ఈ అడ్డు ఉండదు.

జర్మనీ పద్ధతి వేరు. డిగ్రీ కంటే ముందు అది ఇచ్చిన సంస్థను చూస్తారు. ‘అనబిన్’ అనే డేటాబేస్‌లో సంస్థ పేరు పక్కన ‘హెచ్ ప్లస్’ ఉంటే గుర్తింపు ఉన్నట్టు.

పేరొకటే, చదువు వేరు

మన పాలిటెక్నిక్ డిప్లొమా పది తర్వాత మూడేళ్లు. ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. కెనడా కాలేజీల పీజీ డిప్లొమా డిగ్రీ తర్వాత చేసేది. అలాగని అది ఎంఎస్‌తో సమానం కాదు.

తిరిగొచ్చేవాళ్లకూ లెక్కలున్నాయి. బ్రిటన్‌లో ఏడాదిలో పూర్తయ్యే పీజీకి ఇక్కడ చాలాకాలం చిక్కులుండేవి. ఆ చిక్కు తీర్చేలా 2022 జులైలో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. ఇంజినీరింగ్, వైద్యం, ఫార్మసీ, న్యాయశాస్త్రం లాంటి వృత్తి కోర్సులకు మాత్రం అది వర్తించదు.

సమానమని కాగితం వచ్చినంత మాత్రాన ఉద్యోగానికి అనుమతి వచ్చినట్టు కాదు. విదేశీ పట్టాతో వచ్చిన డాక్టర్ ఇక్కడ స్టెతస్కోప్ పట్టాలంటే సాధారణంగా ఎఫ్‌ఎంజీఈ అనే పరీక్ష గట్టెక్కాల్సిందే.

కాబట్టి కన్సల్టెన్సీకి అడ్వాన్స్ కట్టేముందే మూడు సంగతులు రాతపూర్వకంగా తేల్చుకోండి: మీ డిగ్రీని ఆ యూనివర్సిటీ ఒప్పుకుంటుందా? అక్కడి పట్టా ఇక్కడ చెల్లుతుందా? ఆ పట్టాతో చేయాలనుకున్న పనికి వేరే లైసెన్స్ కావాలా? మూడోదాన్ని అడగడం చాలామంది మర్చిపోతారు. ఫీజు కట్టాక తెలిస్తే ఎక్కువ నష్టపరిచేది అదే.