విద్యుత్ ఎస్‌యూవీ: నడిపి చూసేందుకు నిరీక్షణ
మహీంద్రా 2024 నవంబరు 26న చెన్నైలో ఆవిష్కరించిన బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ విద్యుత్ ఎస్‌యూవీల టెస్ట్ డ్రైవ్, అనగా కొనకముందు స్వయంగా నడిపి చూసే అవకాశం, 2025 జనవరి 14న హైదరాబాదు వంటి మహానగరాల్లోనే మొదలై, దేశమంతటికీ ఫిబ్రవరి 7 నుండి విస్తరించగా, బుకింగులు ఫిబ్రవరి 14ననే తెరుచుకున్నందున, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వాసులకు పరిశీలనా వ్యవధి స్వల్పమే అయింది.

నగర వీథుల్లో కాసేపు నడిపితే తెలిసేది తక్కువ. రేంజ్, అనగా ఒక్క ఛార్జింగుతో సాగే దూరం, వేగంతో పెరిగే గాలి నిరోధం వల్ల తరుగుతుంది కనుక దానిని 44వ జాతీయ రహదారిపైనా, వేగం తగ్గించినప్పుడు మోటారే జనరేటరుగా మారి బ్యాటరీకి విద్యుత్తును తిరిగి చేర్చే రీజనరేటివ్ బ్రేకింగును శ్రీశైలం దారిలోని నల్లమల ఘాటులోనూ పరీక్షించడం ఈ ప్రాంతానికి తగిన పద్ధతి. షోరూములు అంత దూరం పంపడం మాత్రం అరుదు.