రీలు లోపలి గడియారం

మా యువాన్ అనే చైనా చిత్రకారుడు ఎనిమిది వందల ఏళ్ల కిందట ఓ బొమ్మ గీశాడు. నడి సరస్సులో చిన్న పడవ, అందులో ముందుకు వంగి గాలం వేస్తున్న మనిషి. ఆ గాలపు కర్రకు చక్రం ఉంది. రీలు కనిపించే అతి పాత బొమ్మల్లో అదొకటి. ఇప్పుడు వేట సామాన్ల దుకాణానికి వెళ్తే అద్దాల వెనక రకరకాల రీళ్లు మెరుస్తుంటాయి. రంగులు, ధరలు చూసి తికమకపడనక్కర్లేదు. ముందు అడగాల్సింది ఒక్కటే: ఎర విసిరినప్పుడు తంగూసు చుట్టిన స్పూలు తిరుగుతుందా, కదలకుండా ఉంటుందా?

తిరిగే రకాన్ని మలుపు తిప్పింది గడియారాల పనివాడు. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని పారిస్ అనే ఊళ్లో ఉండే జార్జ్ స్నైడర్ 19వ శతాబ్దం తొలినాళ్లలో రీలులో పళ్లచక్రాలు అమర్చాడు. పిడి ఒక్క చుట్టు తిప్పితే స్పూలు పలు చుట్లు తిరిగేది. నేటి బెయిట్‌కాస్టర్ దాని వారసురాలే. దీన్ని బొటనవేలు స్పూలు మీద ఆనించి విసరాలి. ఎర బరువే స్పూలును తిప్పుతూ తంగూసును లాక్కెళ్తుంది. చిక్కంతా అక్కడే. గాలిలో ఎర వేగం తగ్గుతుంది, స్పూలు మాత్రం అదే జోరు మీద ఉంటుంది. వదులైన తంగూసు ఉబ్బి, మెలికలు పడి, కత్తెర వేస్తే తప్ప వదలని చిక్కుముడి అవుతుంది.

స్వీడన్‌లో గడియారాల ఫ్యాక్టరీగా మొదలైన అబు సంస్థ 1952 నాటి తన అంబాసడర్ 5000 రీలుతో ఈ బెడదను బాగా తగ్గించింది. స్పూలు జోరందుకునే కొద్దీ లోపలి చిన్న బ్రేకు ముక్కలు బయటికి జరిగి, చుట్టూ ఉన్న వలయాన్ని రాసుకుంటాయి. ఇప్పటి చాలా రీళ్లలో ఆ పని అయస్కాంతాలది.

కదలని స్పూలు ఆలోచన జౌళి మిల్లుల్లో పుట్టింది. కండె కొన నుంచి నూలు జలజలా ఊడిరావడం ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో రోజూ చూసే సంగతే. ఆ కిటుకుతోనే ఆల్‌ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ 1905లో పేటెంట్ తీసుకున్నాడు. అదే స్పిన్నింగ్ రీలు. ముందున్న కమ్మిని పైకెత్తి విసిరితే తంగూసు అంచు మీదుగా చుట్లు చుట్లుగా జారిపోతుంది. పిడి తిప్పితే స్పూలు తిరగదు. దాని చుట్టూ రోటర్ తిరుగుతూ తంగూసును చుడుతుంది, స్పూలు ముందుకీ వెనక్కీ కదిలి సమంగా సర్దుకుంటుంది. పెట్టె మీద 5.2:1 అని ఉంటే, పిడి ఒక చుట్టుకు రోటర్ 5.2 చుట్లు తిరుగుతుందని అర్థం. తంగూసు పురి పడటం దీని లోపం.

ఇంకో గడియారాల మేస్త్రీ కథ మరీ విచిత్రం. టెక్సాస్‌కు చెందిన ఆర్‌.డి. హల్ కిరాణా కొట్లో గుమస్తా కదలని ఉండ కొన నుంచి పురికొస లాగడం చూశాడు. దాంతో మూత ఉన్న, వాడటం తేలికైన రీలు తయారైంది. దాన్ని 1949లో మార్కెట్లోకి తెచ్చింది చమురు బావుల్లో పేల్చే బాంబులు చేసే జీరో అవర్ బాంబ్ కంపెనీ! ఆ సంస్థే తర్వాత జెబ్‌కో అయింది.

ఈకలతో కట్టిన తేలికపాటి ఎరలకు వాడే ఫ్లై రీలు పద్ధతి వేరు. అక్కడ ఎరను మోసుకెళ్లేది లైను బరువే, రీలు ప్రధానంగా దాన్ని దాచే చోటు.

ఏ రకమైనా అసలు ప్రాణం డ్రాగ్‌లో ఉంది. చేప బలంగా లాగినప్పుడు తంగూసు తెగకుండా, కొంచెం కొంచెంగా వదిలే బిళ్లల పేర్పు అది. పూర్వం సముద్రపు వేటలో చేప పరుగెడితే పిడి గిర్రున వెనక్కి తిరిగి వేళ్లు విరిగేవి. పిడి వెనక్కి తిరగకుండా, నక్షత్రం ఆకారపు మరతో బిగింపు మార్చుకునే రీలును విలియం బోషెన్, జూలియస్ వామ్ హోఫ్ కలిసి రూపొందించారు. 1913లో కాలిఫోర్నియాలోని కటలీనా దీవి దగ్గర బోషెన్ ఆ రీలుతోనే 160 కిలోలకు పైబడిన కత్తి చేపను ఒడ్డుకు చేర్చాడు.

కొత్తగా మొదలుపెట్టేవారికి స్పిన్నింగ్ రీలే సరైనది. గుర్రపుడెక్క నిండిన చెరువులో కొర్రమీనును బలవంతాన బయటికి లాగాలంటే మాత్రం లావు తంగూసు ఎక్కించిన బెయిట్‌కాస్టర్ కావాలి. ఏది కొన్నా, తంగూసు తాళే బరువులో పావు నుంచి మూడో వంతు లాగుడుకు జారేలా స్ప్రింగు త్రాసుతో డ్రాగ్ సరిచూసుకోండి. ఆరు కిలోల తంగూసుకు ఒకటిన్నర నుంచి రెండు కిలోలు. వేట ముగిశాక ఉప్పునీటి రీలును మంచినీళ్లతో తేలిగ్గా కడిగి, ఆరబెట్టి, డ్రాగ్ వదులు చేసి దాచండి. బిగించి వదిలేస్తే లోపలి బిళ్లలు అణిగిపోతాయి.