నలుగురూ కలిస్తే



సొరచేప అనగానే కోస్తా జిల్లాల వాళ్ళకు బాలింతకు వండిపెట్టే సొరపిట్టు జ్ఞాపకం వస్తుంది. చేప ముట్టని వాళ్ళకు ఇంగ్లీషు సినిమాలో మనుషుల వెంటపడే జంతువు జ్ఞాపకం వస్తుంది. ఆ చేప గురించే చదువుకుని, దానిమీద పరిశోధన చేసే ఆడపిల్లలు ఉంటారని మనకు తోచదు. వాళ్ళలో నల్లజాతి అమ్మాయిలు కూడా ఉంటారన్న ఊహ అమెరికాలోనే చాలామందికి ఉండేది కాదు. అంతెందుకు, ఆ అమ్మాయిలకే ఒకరున్నట్టు ఒకరికి తెలియదు! ఈవేళ మీతో ముచ్చటించదలచుకున్నది వాళ్ళ సంగతే.

2020 మే 25న న్యూయార్కులోని సెంట్రల్ పార్కులో క్రిస్టియన్ కూపర్ అనే నల్లజాతి ఆయన పక్షుల్ని చూసుకుంటున్నాడు. కుక్కను వదిలేసి తిరుగుతున్న ఒక తెల్లజాతి స్త్రీని, దానికి గొలుసు వెయ్యమని అడిగాడు. ఆవిడ పోలీసులకు ఫోను చేసి, నల్లజాతి మనిషొకడు తనను బెదిరిస్తున్నాడని చెప్పింది. ఆ సంగతి దేశమంతా పొక్కింది. అడవీ, తోటా, సముద్రం మాకూ సొంతమేనని చాటడానికి, ప్రకృతిశాస్త్రాలు చదివిన నల్లజాతి యువతీయువకులు కొందరు వారం తిరక్కుండానే నడుం కట్టారు. అప్పట్లో ట్విట్టర్ అని పిలిచే మాధ్యమంలో తమ ఫోటోలు పెట్టడం మొదలుపెట్టారు.

ఆ ఫోటోల్లోనే జాస్మిన్ గ్రాహం, కార్లీ జాక్సన్, అమానీ వెబర్-షుల్ట్జ్, జైదా ఎల్కాక్ అనే నలుగురు యువతులు ఒకరి కంట ఒకరు పడ్డారు. నలుగురూ సొరచేపల శాస్త్రం చదివినవాళ్ళే. మనలాంటిది ఇంకొకతె ఉందా అని నలుగురికీ ఆశ్చర్యమే. పలకరించుకున్నారు, మాట్లాడుకున్నారు. ఆ 2020 జూన్‌లోనే 'మైనారిటీస్ ఇన్ షార్క్ సైన్సెస్' అని ఒక సంఘం పెట్టేశారు. చదువులూ, ఉద్యోగాలూ చూసుకుంటూ తీరిక వేళల్లో మొదలుపెట్టిన పని అది.

అసలు వాళ్ళకింత ఒంటరితనం ఎందుకు వచ్చిందంటారు? దానికి రెండు కారణాలు చెప్పుకోవాలి.

మొదటిది పాతకథ. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో చాలాచోట్ల నల్లవాళ్ళను సముద్రపు ఒడ్డుకు కూడా రానిచ్చేవారు కాదు. ఫ్లోరిడాలోని మయామీ నగరం ఉన్నది సముద్రపు ఒడ్డునే. అయినా నల్లవాళ్ళు స్నానం చెయ్యడానికి వాళ్ళకంటూ ఒక బీచి లేదు. 1945 మే నెలలో కొందరు నల్లజాతివారు తెల్లవాళ్ళ బీచికి వెళ్ళి, అరెస్టు చేస్తే చెయ్యమని నీళ్ళలోకి దిగారు. ఆ ఆగస్టులో వర్జీనియా కీ అనే దీవి మీద వాళ్ళకు విడిగా ఒక బీచి ఇచ్చారు. అప్పటికి దానికి వంతెన లేదు, పడవ ఎక్కి పోవలసిందే. తాత ముత్తాతల్ని నీటి దగ్గరకు రానివ్వని చోట, మనవరాలు సముద్రశాస్త్రం చదువుతానంటే ఇంట్లోవాళ్ళు భయపడరూ?

రెండోది డబ్బు. ఈ రంగంలో డిగ్రీ ఒక్కటే చాలదు, పడవమీద పనిచేసిన అనుభవం చూపించాలి. ఆ అనుభవం దొరికే చోట్ల చాలావాటిలో జీతం ఉండదు. కొన్నింటికి ఎదురు డబ్బు కట్టాలి. ఇంట్లో జరుగుబాటున్న పిల్లయితే సెలవుల్లో రెండు నెలలు ఊరికే పనిచేసి వస్తుంది. అవే సెలవుల్లో కొట్లో పనిచేసి ఫీజుకు కూడబెట్టుకునే పిల్ల ఏం చేస్తుంది? ఆగిపోతుంది. తెలివి తక్కువై కాదు, చేతిలో పైకం తక్కువై.

ఈ బాధ నిన్నటిదీ కాదు, సముద్రానికే పరిమితమైందీ కాదు. మేరీ మేనార్డ్ డాలీ అనే ఆవిడ తండ్రి రసాయనశాస్త్రం చదవాలని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరి, డబ్బు చాలక మధ్యలో మానేశాడు. కూతురు అదే శాస్త్రం పట్టుబట్టి చదివింది. 1947లో అమెరికాలో రసాయనశాస్త్రంలో డాక్టరేటు పొందిన మొదటి నల్లజాతి స్త్రీ అయింది. 1988లో తను చదివిన క్వీన్స్ కాలేజీలో నల్లజాతి విద్యార్థుల కోసం తండ్రి పేర ఉపకారవేతనం ఏర్పాటు చేసింది. తండ్రికి తగిలిన దెబ్బ ఇంకొకరికి తగలకూడదనే కదా!

మన నలుగురూ పట్టుకున్నది సరిగ్గా ఆ ముడినే. చందాలు పోగుచేసి, 2021లో కొద్దిమంది అమ్మాయిల్ని మయామీ పక్కనున్న బిస్కేన్ అఖాతానికి పిలిపించారు. పైసా ఖర్చు పెట్టించకుండా వాళ్ళను పడవ ఎక్కించారు. సొరచేపను పట్టడం, కొలతలు తియ్యడం, గుర్తుబిళ్ళ తగిలించడం, ప్రాణానికి ముప్పు లేకుండా తిరిగి నీళ్ళలో వదలడం, అన్నీ చేతులారా చేయించారు. ఇందాక చెప్పిన వర్జీనియా కీ ఉన్నది ఆ అఖాతం అంచునే. ఆనాడు తాతలకు అడ్డుపెట్టిన నీళ్ళమీదే ఈనాడు మనవరాళ్ళు శాస్త్రం నేర్చుకున్నారన్నమాట.

డబ్బు సంగతి అలా ఉంచండి. ఇలాంటి సంఘాల వల్ల కంటికి కనపడని సాయం ఇంకా చాలా ఉంది. ఎక్కడ ఉద్యోగం ఖాళీ ఉందో, ఏ ప్రొఫెసరు దగ్గర పని బాగా నేర్చుకోవచ్చో పేపర్లో రాదు. ఆ నోటా ఈ నోటా తెలియాలి. సిఫార్సు ఉత్తరం ఎలా అడగాలో ఒకసారి అడిగినవాళ్ళు చెప్పాలి. చిన్న విషయమే అనుకోకండి, జుట్టు సంగతే చూడండి. ఒత్తుగా, నొక్కులుగా ఉండే వాళ్ళ జుట్టు మామూలు ఈతటోపీలో ఇమడదు. అందుకోసం సోల్ క్యాప్ అని పెద్ద టోపీలు తయారుచేస్తే, ప్రపంచ ఈత సమాఖ్య 2021లో వాటిని ఒలింపిక్స్‌కు ఒప్పుకోలేదు. చివరికి 2022లో ఒప్పుకుంది. ఇలాంటి ఇబ్బంది పడవమీదున్న మగవాళ్ళకు చెప్పుకోగలమా? పక్కన మరో ఆడది, అదే జుట్టున్నది, ఉంటే నవ్వుకుంటూ మాట్లాడుకుంటారు.

1975 డిసెంబరులో వర్జీనియా రాష్ట్రంలో 30 మంది శాస్త్రజ్ఞురాళ్ళు ఒకచోట కూడారు. అందరూ నల్లజాతి, ఆదివాసి, ఇతర అల్పసంఖ్యాక వర్గాల స్త్రీలే. ఆడవాళ్ళయినందుకొక కట్టు, జాతివల్ల ఇంకొక కట్టు అని తేల్చి, మరుసటి సంవత్సరం వెలువడిన నివేదికకు 'జంట కట్టు' అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. కట్టు రెండు చుట్లున్నప్పుడు ఒంటి చేత్తో ఊడదు కదా.

అంతరిక్ష సంస్థ నాసాలో 1958లో ఇంజనీరైన మేరీ జాక్సన్ అక్కడ మొదటి నల్లజాతి మహిళా ఇంజనీరు. ఆవిడ 1979లో తన హోదా తగ్గించుకుని, స్త్రీల ఉద్యోగాల వ్యవహారం చూసే పదవికి మారింది. తరవాతి వాళ్ళకు దారి చెయ్యడం తన ప్రమోషన్ కంటే ముఖ్యమనుకుంది. 2020 జూన్‌లో, అంటే మన నలుగురూ సంఘం పెట్టిన నెలలోనే, వాషింగ్టన్‌లోని నాసా ప్రధాన కార్యాలయానికి ఆవిడ పేరు పెడుతున్నట్టు ప్రకటించారు.

ఇంతకీ దీనివల్ల లోకానికేం లాభమంటారా? 1970 నుంచి నడిసముద్రపు సొరచేపలూ, టేకుచేపలూ నూటికి 71 వంతులు తగ్గిపోయాయని 2021లో శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. అతిగా పట్టడమే కారణం. జాస్మిన్ గ్రాహం పరిశోధన చేసే రంపపుచేప అయితే కనుమరుగయ్యే స్థితికి వచ్చింది. ఆ చేపకు చప్పుడు చేసే చిన్న పరికరం తగిలించి వదులుతారు. నీటి అడుగున ఉంచిన యంత్రాలు ఆ చప్పుడు విని, అదెటు పోతోందో చెబుతాయి. దాన్ని ఎక్కడ కాపాడాలో తెలిసేది అలాగే. పని ఇంత ఉంటే, చెయ్యగల చేతుల్ని గుమ్మంలోనే ఆపేయడం ఏం తెలివి?

మనమంతా సముద్రంలోకి దిగనక్కరలేదు. కానీ పక్కవాటాలో అమ్మాయి సైన్సు గ్రూపు తీసుకుని, ఎవర్ని అడగాలో తెలియక తికమకపడుతుంటే, మీ చెల్లెలో, ఆడపడుచో, స్నేహితురాలో ఆ దారిన వెళ్ళినవాళ్ళు ఉంటారు. ఇద్దర్నీ ఒకసారి కూర్చోబెట్టండి. చెయ్యవలసిందల్లా ఆ పరిచయం, తరవాత ఒక కప్పు కాఫీ. మిగిలింది వాళ్ళే మాట్లాడుకుంటారు.