సంపూర్ణ సూర్యగ్రహణం: ఆ చీకటి ఎన్ని నిమిషాలు?

పంచాంగాల్లో సూర్యగ్రహణానికి స్పర్శకాలం మొదలు మోక్షకాలం దాకా చూపే వ్యవధి రెండు మూడు గంటల వరకు ఉంటుంది కనుక, సంపూర్ణ గ్రహణం నాటి చీకటి కూడా అంతసేపూ నిలుస్తుందని చాలామంది భావిస్తారు. అయితే చంద్రబింబం సూర్యబింబాన్ని పూర్తిగా కప్పివేసే నిమీలనానికీ, సూర్యుని అంచు తిరిగి మెరిసే ఉన్మీలనానికీ మధ్యనున్న కాలమే సంపూర్ణ దశ. అది కొన్ని గ్రహణాల్లో రెండు మూడు సెకన్లకే ముగుస్తుంది. ఎంత అనుకూలమైన పరిస్థితుల్లోనైనా సుమారు 7 నిమిషాల 32 సెకన్లకు మించదు. ఈ హద్దు ఎక్కడినుంచి వచ్చిందో, ఒకే నేలమీద ఒక గ్రహణం ఎక్కువసేపు, మరొకటి తక్కువసేపు ఎందుకు ఉంటుందో తెలుసుకోవడానికి తెలుగు నేల మీదుగా సాగిపోయిన రెండు గ్రహణాలు చక్కగా ఉపకరిస్తాయి.

సూర్యుని వ్యాసం చంద్రుని వ్యాసానికి సుమారు 400 రెట్లు. భూమినుంచి సూర్యుని దూరం కూడా చంద్రుని దూరానికి దాదాపు అన్ని రెట్లే. అందుచేత ఆకాశంలో రెండు బింబాలూ ఇంచుమించు ఒకే పరిమాణంలో కనిపిస్తాయి, ఒకటి మరొకదానిని అతికష్టం మీద కప్పగలుగుతుంది. చంద్రుని వెనుక శంకువు ఆకారంలో సాగే చిక్కని నీడను ప్రచ్ఛాయ అంటారు. ఆ శంకువు కొన భూమిని చేరేసరికి బాగా సన్నబడిపోతుంది. సూర్యుడు నడినెత్తిన ఉన్నచోట నేలమీద దాని వెడల్పు ఎంత పెద్దదైనా సుమారు 270 కిలోమీటర్లకు మించదు. ఈ నీడ చంద్రునితోపాటు పడమర నుంచి తూర్పుకు గంటకు దాదాపు 3,400 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. భూమి కూడా అదే దిక్కుకు తిరుగుతున్నందున, భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో నీడ వెంట కదులుతూ దాని సాపేక్ష వేగాన్ని సగానికి తగ్గిస్తుంది. దీర్ఘమైన గ్రహణాలు ఉష్ణమండలంలోనే, అదీ మిట్టమధ్యాహ్నపు వేళ సూర్యుడు నడినెత్తిన ఉన్న చోటనే సంభవించడానికి ఇదొక ముఖ్య కారణం.

1868 ఆగస్టు 18 నాటి గ్రహణం అటువంటి దీర్ఘ గ్రహణాలలో ఒకటి. థాయ్‌లాండ్ సింధుశాఖ ప్రాంతంలో దాని సంపూర్ణ దశ 6 నిమిషాల 47 సెకన్లకు చేరింది. అంతకు ముందే భారత భూభాగాన్ని పడమటి తీరం నుంచి మచిలీపట్నం వరకు దాటిన ఆ నీడ, ఉదయం పూట గుంటూరును ఐదు నిమిషాలకు మించి కమ్మివేసింది. ఆ కాస్త వ్యవధి కోసం ఫ్రాన్సు నుంచి పియరీ జాన్సెన్ గుంటూరుకు వచ్చాడు. బ్రిటిష్ ప్రభుత్వం పంపిన మేజర్ టెన్నంట్ బృందం కూడా అక్కడే విడిసింది. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలోనూ, అదే సంస్థలో సహాయకుడైన చింతామణి రఘునాథాచారి వనపర్తిలోనూ పరికరాలు అమర్చుకున్నారు. కాంతిని రంగులుగా విడదీసే వర్ణపటదర్శినితో జాన్సెన్ సూర్యుని అంచున ఎగసిన జ్వాలలను పరిశీలించి, అవి మండే వాయువులని, అందులో హైడ్రోజన్ ప్రధానమని గ్రహించాడు. ఆ జ్వాలల రేఖలు ఎంత ప్రకాశవంతంగా కనిపించాయంటే, గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చునని ఆయనకు అప్పుడే తోచింది. మర్నాడు, ఆగస్టు 19న, మామూలు ఎండలోనే వాటిని చూసి తన ఊహను రుజువు చేసుకున్నాడు. గ్రహణం ఇచ్చే కొద్ది నిమిషాల కోసం ఎదురుచూడవలసిన అవసరాన్ని కొంతమేరకు తొలగించిన ఆ పద్ధతి గుంటూరులో పుట్టిందన్న సంగతి తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికంటే పెద్ద చోటుకు అర్హమైనది. అప్పటి పరిశీలకులు గుర్తించిన పసుపుపచ్చని రేఖ హీలియం అనే కొత్త మూలకానిదని ఆ తరువాత తేలింది; 1895లో రామ్సే దానిని భూమిమీద కూడా కనుగొన్నాడు.

రెండవది 1980 ఫిబ్రవరి 16 నాటిది. కర్ణాటక తీరంలో అడుగుపెట్టిన నీడ దక్షిణ తెలంగాణ, ఖమ్మం మీదుగా, దక్షిణ బస్తర్‌లో చింతలనార్ ఉన్న కోంటా ప్రాంతపు అడవులను తాకుతూ, కోరాపుట్ కొండలు దాటి ఒడిశా తీరానికి చేరింది. నీడబాటకు నట్టనడుమ సాగే మధ్యరేఖ మీద ఉన్నవారికి చీకటి ఎక్కువసేపు దొరుకుతుంది. అంచుకు జరిగేకొద్దీ అది మొదట నెమ్మదిగా, చివరన చాలా వేగంగా తరిగిపోతుంది. మధ్యరేఖ నుంచి అంచు దాకా ఉన్న దూరంలో సగం జరిగినా నూటికి పదమూడు వంతులే తగ్గుతుంది గాని, సరిగ్గా అంచున సెకన్లు మాత్రమే మిగులుతాయి. ఆనాడు దక్షిణ బస్తర్‌లో కోంటా నుంచి ఉత్తరాన చింతలనార్ వైపు పోయేకొద్దీ జరిగింది ఇదే.

హైదరాబాదుకు సమీపంలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ వేధశాల ఆ నీడబాటలోనే ఉన్నా, అక్కడ సంపూర్ణ దశ రెండు నిమిషాలకు కాస్త పైగా మాత్రమే నిలిచింది. 1868లో గుంటూరుకు దక్కినదానిలో అది సగం కూడా కాదు. ఈ తేడాకు ఒక ముఖ్య కారణం సూర్యుని దూరం. భూమి జనవరి మొదట్లో సూర్యునికి అతి దగ్గరగా, జూలై మొదట్లో అతి దూరంగా ఉంటుంది. ఆగస్టు నడిమి కంటే ఫిబ్రవరి నడుమ సూర్యుడు సుమారు 35 లక్షల కిలోమీటర్లు దగ్గరవుతాడు కనుక, అతని బింబం పెద్దదై, దానిని కప్పే చంద్రునికి మిగిలే వెసులుబాటు తగ్గిపోతుంది. దానికి తోడు నీడ తెలుగు నేలను చేరేసరికి మధ్యాహ్నం మూడున్నర దాటింది. సూర్యుడు పడమటికి వాలినప్పుడు నీడ ఏటవాలుగా పడి నేలమీద మరింత వేగంగా జారిపోతుంది. అదే గ్రహణం ఆఫ్రికా తూర్పు తీరం దగ్గర నాలుగు నిమిషాలకు పైగా నిలవడం గమనార్హం. తెలుగు నేలకు దక్కిన ఆ రెండు నిమిషాలనైనా అనేక కుటుంబాలు తలుపులు బిగించుకుని ఇంట్లోనే గడిపివేయడం తీరని నష్టం.

నేలమీది హద్దును దాటాలంటే నీడతోపాటు పరుగెత్తాలి. 1973 జూన్ 30న, భూమిమీద 7 నిమిషాల 4 సెకన్లు నిలిచిన గ్రహణాన్ని, ధ్వనికంటే రెట్టింపు వేగంతో ఎగిరే కాంకార్డ్ విమానంలో ఆఫ్రికా మీదుగా వెంబడించిన శాస్త్రజ్ఞులు 74 నిమిషాలపాటు చూడగలిగారు. ఏడు నిమిషాలు దాటే గ్రహణం మళ్ళీ 2150లో గాని రాదు. 2186 జూలై 16న వచ్చేది 7 నిమిషాల 29 సెకన్లతో గరిష్ఠపు హద్దును దాదాపు తాకుతుంది.

1980 నాటి గ్రహణం ఏ పరంపరకు చెందినదో, 18 సంవత్సరాల 11 రోజుల 8 గంటలకొకసారి పునరావృతమయ్యే ఆ పరంపరలోనిదే 2034 మార్చి 20న రానున్నది. దాని సంపూర్ణ దశ భారతదేశంలో కార్గిల్ పరిసరాల్లో కనిపిస్తుంది. పాక్షిక దశలో తగిన ప్రమాణం గల గ్రహణపు కళ్ళద్దాలు లేకుండా సూర్యుని వైపు చూడరాదు. నిమీలనం, ఉన్మీలనాల నడుమ మాత్రం అవి తీసివేసి నేరుగా చూడవచ్చు. అక్కడికి వెళ్ళగలిగినవారు తమ పిల్లలను కూడా వెంట తీసుకుని వెళ్ళాలి.