రసాలతో రక్తం శుభ్రపడుతుందా?

పరగడుపున సొరకాయ రసం తాగితే ఒంట్లోని విషాలన్నీ పోతాయని చాలామంది నమ్ముతారు. నిజానికి ఆ పని కాలేయం, మూత్రపిండాలు రాత్రింబవళ్ళు చేస్తూనే ఉంటాయి. వాటికి బదులుగా ఏ రసమూ ఆ పని చేయలేదు.

సొరకాయ చేదుగా ఉంటే అందులో కుకుర్బిటాసిన్లనే విషపదార్థాలు ఎక్కువగా ఉన్నట్టే. 2010లో ఢిల్లీలో అలాంటి రసం తాగిన ఒక శాస్త్రవేత్త మరణించారు. ఈ విషానికి విరుగుడు మందు లేదు.

మోండా మార్కెట్లో కొన్న కాయ ఎంత లేతగా ఉన్నా, ముందు చిన్న ముక్క రుచి చూడండి. చేదైతే ఉమ్మివేసి, కాయ పారవేయండి. రసం తాగాక వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి మొదలైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

మూత్రపిండాల జబ్బున్నవారికి రసాల్లోని పొటాషియం గుండెకు ప్రమాదం కావచ్చు. డాక్టరుగారిని అడగకుండా ఇవ్వకండి. రసం తాగుతున్నారని మందులు మాన్పించకండి.