లాకు విరగలేదు... పడవలు ఆగాయి!

రామచంద్రపురంలో ఓ తాతగారిని 'లాకు' అంటే ఏమిటని అడిగితే కాలువ వైపు చూపిస్తారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మనవణ్ని అడిగితే కంప్యూటర్ వైపు చూపిస్తాడు. విచిత్రమేమిటంటే... ఇద్దరూ చెప్పేది దాదాపు ఒకటే!

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా కాలువలు పంటకు నీళ్లతో పాటు పడవలకు దారీ ఇచ్చాయి. నీటిమట్టం మారేచోట లాకులు కట్టారు. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూసి, నీటిమట్టం సరిచేసి, ముందు తలుపు తెరుస్తారు. అప్పటిదాకా వెనకున్న పడవలు ఆగాల్సిందే.

కంప్యూటర్లోనూ అంతే. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటిది కెర్నెల్. ఏ ఫైలు ఎక్కడుంది, ఏ ప్రోగ్రామ్ దేనికోసం ఎదురుచూస్తోంది... అన్నీ దాని రిజిస్టర్లలో ఉంటాయి. ఒకే రిజిస్టర్లో ఇద్దరు ఒకేసారి రాస్తే లెక్క తప్పుతుంది. అందుకే ఒకరి తర్వాత ఒకరు వెళ్లేలా లాకు పెడతారు. మరి లోపలికి వెళ్లినవాడు ఎంతకీ బయటికి రాకపోతే?

ఒకే పేజీ నిండా...

ఇప్పుడు ఎన్నో సంస్థల ప్రోగ్రాములు ఒకే యంత్రం మీద 'కంటెయినర్ల'లో నడుస్తున్నాయి. ఎవరి గది వారిదే, కెర్నెల్ మాత్రం ఉమ్మడి. అక్కడే చిక్కుందని 2022లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన యువరాజ్ పటేల్ బృందం లినక్స్ మీద ప్రయోగాలు చేసి చూపించింది.

అల్లరి ప్రోగ్రామ్‌కు ప్రత్యేక అధికారాలేవీ అక్కర్లేదు. లెక్క చూసుకుని, అన్నీ రిజిస్టర్లో ఒకే పేజీకి చేరేలా వేలకొద్దీ ఫైళ్లు సృష్టిస్తే చాలు. ఆ తర్వాత ఆ పేజీలో తన వివరం వెతుక్కునేవాడు ఆ చెత్తంతా చదవాలి. చదివినంతసేపూ లాకు అతడి చేతిలోనే! వెనక క్యూ పెరిగిపోతుంది. దొంగ ఏమీ ఎత్తుకుపోడు. పోయేదల్లా సమయం. టికెట్ కోసమో, ఆసుపత్రి రిపోర్టు కోసమో ఎదురుచూసేవారికి అదేం తక్కువ నష్టం?

ఇంకో తమాషా ఏమిటంటే, అసలు దొంగ ఆ తర్వాత హాయిగా నిద్రపోవచ్చు. బరువు అలాగే ఉంటుంది. లాకును ఎక్కువసేపు పట్టుకున్నది అమాయక ప్రోగ్రామే కాబట్టి చూసేవాళ్లకు దోషి కూడా అదే!

సంస్కృతం పేరుతో కాపలా

దీనికి ఆ బృందమే విరుగుడు తయారుచేసింది. పేరు 'త్రాతృ'. మనం 'త్రాత' అంటామే... రక్షకుడు, అదే! ఇది నాలుగు పనులు చేస్తుంది. రిజిస్టర్లో ఎవరు ఎన్ని నమోదులు చేశారో లెక్కపెడుతుంది. లాకు దగ్గర ఆలస్యమైతే కారకుడెవరో పట్టుకుంటుంది. అతడు ఇంకా రాయకుండా ఆపుతుంది. పోగైన చెత్తను తొలగిస్తుంది లేదా పక్కకు జరుపుతుంది. పరిశోధకుల పరీక్షల్లో దాడిని కొన్ని సెకన్లలోనే పసిగట్టింది, వేగం మళ్లీ మామూలైంది.

తలుపు గట్టిగా ఉంటే చాలదు. లోపలికి ఎవరెళ్లారు, ఎందుకు ఆలస్యమైందని చూసే లస్కరు కూడా ఉండాలి. ఈ సంగతి మనవడి కంటే ముందే తాతగారికి తెలుసు!