‘ఫైన్’ అను చిన్న మాట

ఇంగ్లీషు నేర్చుకొను బాలబాలికలకు పెద్ద మాటలవలన కలుగు చిక్కుకంటె చిన్న మాటలవలన కలుగు చిక్కే యెక్కువ. పెద్ద మాటకు అర్థము తెలియనిచో నిఘంటువు తీసి చూతురు. చిన్న మాటయైనచో తెలిసినదే యనుకొని దాటిపోవుదురు. అట్టి మాటలలో ‘ఫైన్’ ఒకటి. దీనినిగూర్చి వ్రాయుటకు మాకొక కారణము గలదు.

కొంతకాలము క్రిందట ఒక విద్యార్థి ప్రగతిపత్రములో చేవ్రాత కెదురుగా మేము ‘ఫైన్’ అని వ్రాసితిమి. నందిగామ దరిని మునేటి ప్రక్క పల్లెలో ప్రత్తి, మిరప పండించుకొను అతని తండ్రిగారు మరునాడే పాఠశాలకు వచ్చి, పంచె కొంగున ముడివేసి తెచ్చిన సొమ్ము బల్లపై నుంచి, “మేష్టారూ, మావాడేం తప్పు చేశాడండీ? ఫైనెంత కట్టమంటారు?” అని యడిగిరి. తరగతిలోని బాలురు గొల్లున నవ్విరి. కుమారుడు తల వంచుకొనెను. ఆ నవ్వు మా మనస్సును నొప్పించెను. ఆయన పొరబడలేదు. గడువు దాటిన బిల్లుకు, రహదారిమీద హెల్మెట్ లేని ప్రయాణమునకు కట్టించుకొను ఫైనునే ఆయన యెరుగుదురు. చదువువా రెవరో యాలోచింపక వ్రాసిన తప్పు మాది. క్షమింపుమని వేడుకొని, కుమారుని వ్రాత చూపి, ఆయనను సగౌరవముగా సాగనంపితిమి.

ఈ మాటకు తెలుగున ఒక్క మాట చాలదు. ఏ వస్తువు ప్రక్కన నిలుచునో దానినిబట్టి అర్థము మారును. ఫైన్ క్లాత్ అనగా సన్నని నేతబట్ట. ఇంగ్లీషు బైబిలులో ఫైన్ లినెన్ అని యున్నచోట తెలుగు బైబిలులో సన్ననార యనుమాట కనబడును. ఫైన్ పౌడర్ అనగా మెత్తని పొడి. జగ్గయ్యపేట ప్రాంతపు కర్మాగారములలో తయారగు సిమెంటు అట్టిది. ఫైన్ గోల్డ్ మేలిమి బంగారము. ఫైన్ ఎడ్జ్ వాడియైన అంచు. ఫైన్ వెదర్ అనగా కళ్లములో మిరపకాయలు ఎండబోసిన రైతు కోరుకొను తెరపి. ఫైన్ ఆర్ట్స్ లలితకళలు. జగ్గయ్యపేట బౌద్ధస్తూపమును 1882లో బర్జెస్ అను పండితుడు పరిశీలించి 1887లో దానిని వర్ణించు గ్రంథమును ప్రకటించెను. అచటి మాంధాత చక్రవర్తి శిలాఫలకము నేడు చెన్నై మ్యూజియములో నున్నది. దానిమీది పలుచని, నాజూకైన చెక్కడమునకు ఇంగ్లీషువారు ఫైన్ అనియే యందురు.

ఇక పర్యాయపదములు. 1852లో రోజెట్ అను వైద్యుడు ఇంగ్లీషు మాటలను భావములవారీగా కూర్చి థెసారస్ అను గ్రంథము ప్రకటించెను. ఆ యేటనే బ్రౌను దొరగారి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. మనకు సంస్కృతమున అమరకోశము, తెలుగున పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహము అంతకుముందే కలవు. ఇట్టి గ్రంథములలో ఒక్కచోట నున్నంతమాత్రమున మాటలన్నియు సమానములు కావు. థిన్ అనగా పలుచనిది. అందు మెప్పు లేదు. డెలికేట్ అనగా నాజూకైనది. తేలికగా చెడునదనియు సూచించును. నైస్ అనుమాటకు పూర్వము తెలివిలేని యను అర్థముండెను; నేడది మంచిదని యర్థమిచ్చుచున్నది. మన పిండిమరలవద్ద “నైసుగా పట్టండి” అన్నప్పుడు అది ఫైన్ చేయు పనినే చేయును. పెనాల్టీ యేవిధమైన శిక్షయైనను కావచ్చును. ఫైన్ సొమ్ము రూపమున మాత్రమే. ఫీజు చేసిన పనికి చెల్లించునది; ఫైను చేసిన తప్పునకు.

పలుకు తీరునుబట్టియు అర్థము మారును. కుశలమడిగినప్పుడు ‘ఐ యామ్ ఫైన్’ అనగా బాగున్నానని యర్థము. మరికొంచెము వడ్డింతునా యని యడిగినప్పుడు అదే మాటకు ‘ఇక చాలు’ నని యర్థము. ముఖము ముడుచుకొని ‘ఫైన్’ అన్నచో అది మన ‘సరేలే’ వంటిది. ‘సరే’ వంటిది కాదు.

మెప్పునకు, శిక్షకు ఒకే మాట యెట్లు కలిగెను? లాటినులో ఫీనిస్ అనగా అంతము, ముగింపు. తగవు ముగించుటకు చెల్లించిన సొమ్ము ఫైను. చక్కగా ముగింపబడినది, లోపము లేనిది కూడ ఫైన్. ఫినిష్, ఫైనల్ ఆ కుటుంబమువే. అప్పు ముగించుట యను భావమునుండి పుట్టినది ఫైనాన్స్. అంతము లేనిది ఇన్ఫినిట్.

ఇది యేదో వింతయని తలపవలదు. మన ‘తీరు’ అను మాటను చూడుడు. పని తీరును, అప్పు తీరును. తగవు తీర్చునది తీర్పు. రైతు సర్కారునకు చెల్లించునది నీటితీరువ. అంతము లేనిది తీరనిది. చక్కగా ముగించుట తీర్చిదిద్దుట, అందమైనది తీరైనది. లాటిను మాట నడచిన త్రోవనే మన మాటయు నడచినది. నీటితీరువ కట్టిన ఆ తండ్రిగారికి ఈ సంగతి చెప్పినచో మన బాలురకంటె త్వరగా గ్రహింతురు.

కావున బాలురారా, మీ యింటివారు ఒక ఇంగ్లీషు మాటను మీకు తెలియని అర్థమున వాడినప్పుడు నవ్వకుడు. ఆ అర్థమును వారివద్ద నేర్చుకొని, మీరెరిగిన అర్థమును వారికి చెప్పుడు. మేమును ఒక పాఠము నేర్చుకొంటిమి. తరువాతి ప్రగతిపత్రములో ఆ బాలుని చేవ్రాత కెదురుగా, ‘వ్రాత తీరుగా నున్నది’ అని తెలుగున వ్రాసి పంపితిమి.